వరుస హత్యల దర్యాప్తు, విరిగిపోతున్న కాపురం: రెండింటినీ ఒకే నవలగా రాయడం ఎలా

వరుస హత్యల దర్యాప్తును, విరిగిపోతున్న కాపురాన్ని ఒకే నవలలో నడపాలనుకునేవారిలో ఎక్కువమంది మొదట చేసే పని, ఆ రెండింటినీ రెండు వేరు కథలుగా ఊహించుకుని, ఒక అధ్యాయం స్టేషన్లో, మరుసటి అధ్యాయం ఇంట్లో జరిగేటట్టు పేర్చుకుంటూ పోవడం. నా మొదటి రాతప్రతిని నేనూ అలాగే రాశాను. దాన్ని చదివిన మిత్రుడొకరు, ఇంటి అధ్యాయం వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేశాననీ, అయినా కథ ఎక్కడా తెగలేదనీ చెప్పారు. ఆ మాట చాలా రోజులు బాధపెట్టింది. కానీ ఈ రకం నవలకు అంతకంటే సరైన పరీక్ష నాకు ఇప్పటికీ దొరకలేదు. ఇంటి అధ్యాయాలు తీసేస్తే దర్యాప్తు ఆగిపోవాలి. దర్యాప్తు తీసేస్తే ఆ కాపురం ఎందుకు విరిగిందో అర్థం కాకుండా పోవాలి. అలా కాకపోతే మీ చేతిలో ఉన్నవి రెండు సగం నవలలు.

ఈ రెండు కథలనూ కలిపే ముడి చాలా చిన్నది. స్టేషన్లో అనుమానితుణ్ణి కూర్చోబెట్టి అధికారి అడిగే ప్రశ్నా, ఆ అధికారి తెల్లవారుజామున ఇల్లు చేరితే భార్య అడిగే ప్రశ్నా ఒకటే: "రాత్రి ఎక్కడున్నారు?" ఒకచోట దానికి సాక్ష్యం కావాలి, మరోచోట నమ్మకం చాలు. నమ్మకం పోయిన ఇంట్లో భార్య కూడా సాక్ష్యమే వెతుక్కుంటుంది. కాబట్టి కాపురాన్ని కూడా దర్యాప్తులాగే, సాక్ష్యాల మీద ఆధారపడి రాయాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. మిగిలినదంతా దీన్ని ఎలా సాధించాలన్నదే.

మొదటి చిక్కు: ఇవి హత్యలని ఎవరికి తెలుసు?

విదేశీ నవలల అలవాటులో మనం మొదటి పేజీలోనే శవాన్ని, పక్కన హంతకుడు వదిలిన గుర్తును పెట్టేస్తాం. మన నేల మీద జరిగిన కేసులు చూస్తే అసలు చిక్కు అంతకంటే ముందే మొదలవుతుంది. 2019 నవంబరులో ఏలూరులో పోలీసులు ఒక కేసు వివరాలు వెల్లడించారు. ఒక వ్యక్తి గుప్తనిధులు, బంగారం రెట్టింపు, బియ్యపు గింజలను లాక్కునే మహిమ ఉందని నమ్మించే రైస్ పుల్లింగ్ నాణెం వంటి ఆశలు చూపి, సైనైడ్ కలిపిన ప్రసాదంతో సుమారు 20 నెలల కాలంలో 10 మందిని చంపాడని, ఆ మరణాలు అప్పటి కృష్ణా, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో జరిగాయని వారు చెప్పారు. రచయిత గమనించవలసింది విషాన్ని కాదు. ఆ మరణాల్లో చాలావాటిని కుటుంబాలు గుండెపోటుగానో, సహజ మరణాలుగానో భావించాయి. చివరి మరణంలో డబ్బు, బంగారం కనిపించకపోవడంతో ఇంటివారికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం నుంచి వెనక్కు నడిస్తే పాతవన్నీ బయటపడ్డాయి.

అంటే "ఎవరు చంపారు" అన్న ప్రశ్న కంటే ముందు "ఇవి హత్యలేనా, ఒకదానికొకటి సంబంధం ఉందా" అన్న ప్రశ్న ఉంది. నవలలో మొదటి మూడోవంతును ఈ ప్రశ్న సునాయాసంగా మోస్తుంది. రాయడానికి కూర్చునే ముందే ప్రతి మరణానికీ ఒక పుట కేటాయించి కొన్ని వివరాలు రాసుకోండి: ఏ ఊరు, ఏ స్టేషన్ పరిధి, కేసు ఏమని నమోదయింది, అసలు నమోదయిందా, ఇంటివారు ఏమని నమ్మారు, వారిలో మొదట అనుమానించింది ఎవరు, ఆ అనుమానాన్ని ఎవరు కొట్టిపారేశారు. ఆఖరి వివరాన్ని మరచిపోవద్దు. కొట్టిపారేసిన మనిషికి తరువాత కలిగే పశ్చాత్తాపం మీకు పాత్రగా పనికివస్తుంది.

ఈ చెదిరిన మరణాలను కలిపి చూడగల స్థానంలో ఎవరున్నారు? జిల్లా ఎస్పీ కాదు. శవాగారంలో పనిచేసే మనిషి, బీమా ఏజెంటు, స్టేషన్లో వాంగ్మూలాలూ కేసు కాగితాలూ రాసే రైటర్, ఊళ్లు తిరిగే ఏఎన్‌ఎం, జనన మరణాల రిజిస్టరు రాసే పంచాయతీ కార్యదర్శి, వీళ్లకు ముందు కనిపిస్తుంది. దాంపత్యం నవలలోకి వచ్చే దారి కూడా ఇదే. ఉదాహరణకు మన కథలో రాజశేఖర్ సీఐ అనుకుందాం, అతని భార్య సుజాత పంచాయతీ కార్యదర్శి అనుకుందాం. ఏడాది లోపల తన ఊళ్లో ఇద్దరు, పక్క ఊళ్లో ఒకరు, అందరూ నలభై దాటని ఆరోగ్యవంతులు, అందరి ధ్రువపత్రాల్లోనూ గుండెపోటే. ఆమె ఈ సంగతిని భర్తకు చెప్పాలనుకుంటుంది. కానీ వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగి రెండు నెలలైంది. ఒకరోజు చెప్పబోతుంది. అతను ఫోను చూసుకుంటూ "తరువాత" అంటాడు. ఆమె మళ్లీ చెప్పదు. ఇరవై రోజులకు నాలుగో మనిషి చనిపోతాడు.

ఇక్కడ ఇంటి అధ్యాయాన్ని ఎవరూ తిప్పేయలేరు, ఎందుకంటే కాపురంలో మాట ఆగిపోవడం వల్లే దర్యాప్తు మొదలుకాలేదు. మీ నవలలో ఇలాంటి కీలు ఒక్కటైనా దొరికేదాకా మొదటి అధ్యాయం మొదలుపెట్టవద్దని నా సలహా.

ఒకే క్యాలెండరు

హత్యలకు ఒక కాలక్రమం, సంసారానికి మరొకటి రాసుకోకుండా, గోడకు వేలాడదీసే తెలుగు క్యాలెండరును ఒకదాన్ని తెచ్చుకుని రెండింటినీ దాని మీదే గుర్తుపెట్టుకోండి. తిథులు, పండుగలు ఉన్న క్యాలెండరే కావాలి, ఎందుకంటే మన సాక్షులు తేదీలు చెప్పరు. "అట్లతద్దికి ముందురోజు", "పీర్ల పండుగ అయిన వారానికి", "వరికోతలు మొదలైనప్పుడు" అని చెబుతారు. దర్యాప్తు అధికారి ఆ మాటలను తేదీలుగా మార్చుకోవాలి. ఆ పని చేస్తున్నప్పుడే ఆ అట్లతద్దికి తన భార్య పుట్టింట్లో ఉందనీ, తాను తీసుకురావడానికి వెళతానని చెప్పి వెళ్లలేదనీ అతనికి గుర్తుకు రావచ్చు. అప్పుడు ఒకే తేదీ మీద రెండు గుర్తులు పడతాయి. అలాంటి తేదీలు నవల మొత్తంలో మూడు నాలుగుంటే చాలు. అంతకు మించితే కాకతాళీయం ఎక్కువై నమ్మకం పోతుంది.

దర్యాప్తు పనితీరు తెలిసి రాయడం

నవల ఏ కాలంలో జరుగుతుందో ముందు తేల్చుకోవాలి. 2024 జూలై 1 నుంచి దేశంలో నేర చట్టాలు మారాయి. అంతకు ముందు హత్యకు శిక్ష చెప్పినది ఐపీసీ 302, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 103. అనుమానాస్పద మరణాన్ని మొన్నటిదాకా సీఆర్‌పీసీ 174 కింద నమోదు చేసేవారు, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 194 కింద చేస్తున్నారు. పాత మరణాలు 2023లో, కొత్తవి 2025లో జరిగే కథ అయితే ఒకే హంతకుడి ఫైళ్లలో రెండు రకాల సెక్షన్లు కనబడాలి. పాత్ర మాటల్లో మాత్రం పాత అంకెలే బాగుంటాయి, ఏళ్లతరబడి "వన్ సెవెంటీ ఫోర్ కట్టాం" అని అలవాటైన నోరు ఒక్క రోజులో మారదు కదా. పెళ్లయిన ఏడేళ్ల లోపు మహిళ అనుమానాస్పదంగా చనిపోతే శవపంచనామాకు తహసీల్దార్ రావాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. హంతకుడు తన భార్యను కూడా ఆ వరుసలో కలిపేస్తే ఈ ఒక్క నియమం వల్లే అతను దొరికిపోవచ్చు.

పోస్టుమార్టం గురించి తెలుగు నవలల్లో తరచు కనిపించే పొరపాటు, డాక్టరు వెంటనే విషం పేరు చెప్పేయడం. విషప్రయోగం అనుమానం ఉంటే జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండం వంటి అవయవాల భాగాలను సాధారణంగా చిక్కటి ఉప్పునీటిలో భద్రపరచి ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. దాన్నే విసెరా అంటారు. నివేదిక వచ్చేదాకా మరణకారణం పెండింగులో ఉంటుంది. ఆ ఎదురుచూపు రోజులే మీకు సంసారం రాయడానికి దొరికే అసలైన జాగా. సైనైడ్ అనగానే బాదం వాసన రాసేయడం కూడా మానుకోవాలి. పుట్టుకతోనే ఆ వాసన తెలియనివారు ఉంటారు. శవపరీక్ష చేసే డాక్టరుకు అది తెలియకపోవడం, పక్కన నిలబడిన అటెండరుకు తెలియడం రాయదగ్గ దృశ్యం.

మరో విషయం, దీన్ని చాలామంది ఆలోచించరు. దహనమైన శరీరం మళ్లీ ఏ సాక్ష్యమూ ఇవ్వదు. గుండెపోటని నమ్మిన ఇంట్లో సాయంత్రానికల్లా దహనం అయిపోతుంది. కాబట్టి పాత మరణాలను తిరగదోడే కథలో కనీసం ఒక మృతుడు ఖననం చేసే కుటుంబానికి చెందినవాడై ఉండాలి. క్రైస్తవ, ముస్లిం, లింగాయత కుటుంబాలే కాక ఖననం చేసే కులాలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని, తహసీల్దార్ సమక్షంలో సమాధి తవ్వించి, అక్కడే పోస్టుమార్టం చేయించే సన్నివేశం, ఊరంతా దూరంగా నిలబడి చూస్తుండగా, పోలీసులు దొంగను తరిమే ఏ దృశ్యానికీ తీసిపోదు. ఆ సమాధి దగ్గర మృతుడి భార్య నోట ఏ మాట పెడతారన్నది మీ నవల స్థాయిని తేలుస్తుంది.

ఫోను రికార్డులు అన్నింటికీ తాళంచెవి అన్నట్టు రాయడం కూడా సరికాదు. టవర్ లొకేషన్ ఒక ప్రాంతాన్ని చూపుతుందే తప్ప ఒక గదిని చూపదు. పల్లెల్లో ఒక టవర్ పరిధిలోకి కొన్ని ఊళ్లు కూడా రావచ్చు. టెలికాం సంస్థలు కాల్ వివరాలను కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలను సవరించారు, అంతకు ముందు ఒక సంవత్సరమే ఉండేది. మీ హంతకుడి మొదటి హత్య అంతకంటే పాతదైతే ఆ రికార్డు దొరుకుతుందన్న భరోసా ఉండదు. దుకాణాల సీసీ కెమెరాల్లో కొన్ని వారాలకే పాత దృశ్యాలు చెరిగిపోతాయి. అందువల్ల వరుసలో కొత్త మరణాలకు యంత్రాల సాక్ష్యం, పాత మరణాలకు మనుషుల జ్ఞాపకం మిగులుతాయి. ఈ తేడాను వాడుకుంటే కథ వెనక్కు వెళ్లేకొద్దీ చీకటి పెరుగుతుంది.

నేరాంగీకారంతో నవల ముగించేవారికి ఒక మాట. పోలీసుల ఎదుట ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షను, కొత్త సాక్ష్య అధినియమం 23వ సెక్షను చెప్పేది ఇదే. అతను చెప్పిన దాన్నిబట్టి ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువు దొరకడానికి సంబంధించినంత వరకే ఆ మాటకు విలువ. కాబట్టి నిందితుడు ఏడ్చి ఒప్పుకోవడం కంటే, పంచుల, అంటే పోలీసులు సాక్షులుగా పిలిచిన బయటి మనుషుల సమక్షంలో అతను పోలీసులను కాలువ గట్టున ఒక తూము దగ్గరకు నడిపించుకుపోవడం బలమైన ఘట్టం. ఆ పంచులెవరో కూడా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో వీఆర్వోను పంచుగా పెట్టవచ్చు. 2020లో వీఆర్వో వ్యవస్థను రద్దు చేసిన తెలంగాణలో, 2021లో జరిగే కథలో వీఆర్వో సంతకం పెడితే ఆ ప్రాంతపు పాఠకుడు పుస్తకం పక్కన పెట్టేస్తాడు.

అరెస్టయిన 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరు, హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కు, ఈ రెండు గడువులూ కథకు గడియారాలు. ప్రెస్‌మీట్‌లో నిందితుడి ముఖానికి ముసుగు ఎందుకు వేస్తారో తెలిసి రాయాలి, సాక్షులు తరువాత జైల్లో మేజిస్ట్రేటు ఎదుట అతన్ని గుర్తుపట్టవలసి ఉంటుంది కాబట్టి. హోదాలు తప్పకూడదు: జిల్లాల్లో ఎస్సై, సీఐ, డీఎస్పీ, ఎస్పీ. కమిషనరేట్లలో ఏసీపీ, డీసీపీ.

సాక్షి మాట, రైటర్ రాత

ఈ రకం నవలకు తెలుగు భాషే ఇవ్వగల ఆధారాలు చాలా ఉన్నాయి. వాటిని ఎందుకు వాడుకోమో నాకు అర్థం కాదు. సాక్షి తన యాసలో చెబుతాడు, స్టేషన్ రైటర్ దాన్ని ఠాణా తెలుగులోకి మారుస్తాడు. పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదని చట్టమే చెబుతోంది. అంటే తాను చెప్పినదీ, కాగితం మీద ఉన్నదీ ఒకటేనా అన్నది ఆ సాక్షికి కోర్టులో బోనెక్కేదాకా తెలియకపోవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. వరంగల్ వైపు ముసలమ్మ ఒకామె ఇలా చెప్పింది అనుకుందాం: "పొద్దుగూకినంక బావ అచ్చిండు, గడెసేపు కూసున్నడు, పోయిండు." రైటర్ ఇలా రాస్తాడు: "సదరు దినమున సాయంత్రం 6 గంటల ప్రాంతంలో మృతుడి బావ వచ్చి, కొంతసేపు కూర్చుండి వెళ్లిపోయినాడు." ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులు పడ్డాయి. పొద్దుగూకినంక అంటే ఆమె లెక్కలో ఏడున్నర కావచ్చు, ఎనిమిది కావచ్చు. కాగితం మీద మాత్రం 6 గంటలు. ఆరింటికి ఎక్కడున్నాడో నిరూపించుకున్నవాడు బయటపడిపోయాడు. ఇక "బావ" ఎవరు? అక్క మొగుడా, మేనత్త కొడుకా, మేనమామ కొడుకా, లేక ఏ చుట్టరికమూ లేకుండా ఊరివరసకు పిలిచే పక్కింటివాడా? పోలీసులు అక్క మొగుణ్ణి నాలుగు రోజులు కూర్చోబెడతారు. ఆమె చెప్పింది ఊరివరస బావ గురించి. నూరు పేజీల తరువాత రాజశేఖర్ మళ్లీ ఆమె దగ్గరకు వెళ్లి, ఈసారి కాగితం లేకుండా, అరుగు మీద కూర్చుని విన్నప్పుడు ఈ ముడి విడిపోతుంది. ఇంగ్లీషులోకి మారిస్తే ఈ ఆధారం నిలవదు, అందుకే ఇది మనది.

యాసను ఆధారంగా నమ్మి దెబ్బతిన్న ప్రసిద్ధమైన దర్యాప్తు ఒకటి ఉంది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వరుస హత్యలు జరుగుతున్న కాలంలో 1979లో పోలీసులకు ఒక టేపు అందింది. అందులోని గొంతు ఈశాన్య ఇంగ్లండు యాసలో మాట్లాడింది. ఆ యాస లేనివారి మీద అనుమానం సడలింది. టేపు పంపినది హంతకుడు కాదు, వేరెవరో. అసలు దోషి పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు అప్పటికే అనేకసార్లు ప్రశ్నించి వదిలేశారు. చివరకు 1981 జనవరిలో షెఫీల్డులో కారుకు దొంగ నంబరు పలక ఉందని పట్టుకుంటే దొరికాడు. అదే ఏడాది 13 హత్యలకు శిక్ష పడింది. ఆ ఏళ్లన్నీ అతను భార్యతో కాపురం చేస్తూనే ఉన్నాడు. హంతకుడు ఒంటరి వెర్రివాడై ఉండాలన్న ఊహను వదిలేయడానికి ఈ ఒక్క కేసు చాలు. మీ నవలలో హంతకుడి ఇంటికి కూడా ఒక తలుపు, ఆ తలుపు తీసే ఒక మనిషి ఉండాలి.

కాపురాన్ని సాక్ష్యంగా రాయడం

"వాళ్లిద్దరి మధ్య దూరం పెరిగింది" అన్న వాక్యం రాశారంటే మీరు దర్యాప్తు చేయకుండా తీర్పు ఇచ్చినట్టు. దూరానికి ఆనవాళ్లు చూపాలి. తెలుగు ఇంట్లో మొదటి ఆనవాలు పిలుపు. "ఏమండీ" అని పిలిచే భార్య ఏ పిలుపూ లేకుండా మాట మొదలుపెట్టడం, ఆ తరువాత పిల్లవాడి ద్వారా మాట్లాడటం: "అన్నం పెట్టానని మీ నాన్నకు చెప్పు." ఎదురుగానే ఉన్న మనిషికి ఆ మాట అలా చుట్టు తిరిగి చేరడంలో ఎంత ఉందో వివరించనక్కరలేదు. ప్రేమించి పెళ్లి చేసుకుని ఒకరినొకరు నువ్వు అనుకునే జంట అయితే, కోపంలో ఒక్కసారి వచ్చే "మీరు" చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది. ఈ మార్పు నవలలో ఏ పేజీలో జరగాలో ముందే నిర్ణయించుకుని, ఒక్కసారే వాడండి.

రెండవది వస్తువు. సీఐ క్యారేజీ ఇంటికి తిరిగి వస్తుంది. మొదట ఖాళీగా వచ్చేది. తరువాత కూర మిగిలి వచ్చింది. ఒకరోజు మూత కూడా తీయకుండా వచ్చింది. సుజాత అడగదు. మూడో రోజు నుంచి ఆమె క్యారేజీ కట్టడం మానేస్తుంది, అది అతనికి మధ్యాహ్నం దాకా తెలియదు. అతను నిజంగా ఎక్కడ తిన్నాడు? మృతుడి ఇంట్లో, ఆ ముసలి తల్లి బలవంతం మీద. అది భార్యకు తెలియదు, అతను చెప్పడు. చదివేవారికి రెండువైపులా తెలుసు. ఉత్కంఠ అంటే కత్తి ఒక్కటే కాదని ఇలాంటి చోట రుజువవుతుంది.

విడాకుల విషయంలో చట్టాన్ని తెలుసుకుని రాస్తే కథకు బిగువు వస్తుంది. మనసులు కలవడం లేదన్న ఒక్క కారణంతో కుటుంబ న్యాయస్థానం విడాకులు ఇవ్వదు, 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అలాంటి కారణం లేదు. పరస్పర అంగీకారం అయితే కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి, పిటిషను వేశాక మరో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల గడువును తగిన సందర్భంలో కోర్టులు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వేచివుండే కాలంలో హత్య కేసు 90 రోజుల గడువు నడుస్తుంటే ఒకే క్యాలెండరు మీద రెండు గీతలు పరుగెత్తుతాయి. కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే 9వ సెక్షను గురించి మన హైకోర్టుకే ఒక చరిత్ర ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు, మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో దాన్ని సమర్థించింది. పుట్టింట్లో ఉన్న సుజాతకు ఆ నోటీసు అందిందని రాస్తే, దాన్ని పంపిన భర్త ఆ రోజే మరొకరి భార్యను సాక్ష్యం చెప్పమని బతిమాలుతున్నాడని కూడా రాయండి.

హత్య కేసుకూ, దాంపత్యానికీ మధ్య చట్టమే వేసిన వంతెన ఒకటుంది, దాన్ని ఈ రకం నవల రాసే ప్రతివారూ తెలుసుకోవాలి. పెళ్లి నిలిచి ఉన్న కాలంలో భార్యాభర్తల మధ్య జరిగిన సంభాషణను, ఆ మాట అన్నవారి అనుమతి లేకుండా కోర్టులో చెప్పడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టం 122వ సెక్షను, ఇప్పుడు 128వ సెక్షను. విడాకులైనా ఆనాటి మాటకు ఆ రక్షణ పోదు. ఒకరి మీద మరొకరు చేసిన నేరాల్లోనూ, ఇద్దరి మధ్య వ్యాజ్యాల్లోనూ మాత్రం మినహాయింపు. అయితే 1954లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు ఒక సున్నితమైన గీత గీసింది. భర్త తనతో అన్న మాటలను భార్య చెప్పకూడదు. కానీ తెల్లవారుజామున అతను ఇంటి కప్పు మీది నుంచి దిగడం, గడ్డి గదిలోకి వెళ్లడం, వచ్చి స్నానం చేయడం ఆమె కళ్లతో చూసింది కాబట్టి, ఆ చూసినది సాక్ష్యమే.

ఈ గీత మీద ఒక నవల మొత్తం నిలబడుతుంది. హంతకుడి భార్యకు అంతా తెలుసు, ఎందుకంటే అతనే ఒక రాత్రి చెప్పాడు. ఆ మాట కోర్టుకు పనికిరాదు. రాజశేఖర్ ఆమెను "ఏం చెప్పాడమ్మా" అని అడగడం మానేసి, "ఆ రోజు ఏం చూశావమ్మా" అని అడగడం నేర్చుకోవాలి. ఆమె మెల్లగా చెబుతుంది: కాళ్లకు ఎర్రమట్టి, ఆ ఊళ్లో ఉన్నది నల్లరేగడి. అర్ధరాత్రి బావి దగ్గర చప్పుడు. తెల్లారి తీగ మీద ఆరేసిన, తాను ఉతకని చొక్కా. ఇలా అడగడం నేర్చుకున్న మనిషి ఇంటికి వెళ్లి తన భార్య గురించి తాను ఏం చూశాడో లెక్కపెట్టుకుంటే ఏమీ తేలదు. ఆ ఘట్టాన్ని ఒక పేజీకి మించి సాగదీయకండి. రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను వాడాలనుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: భార్యాభర్తల మధ్య విడాకుల వ్యాజ్యంలో అలాంటి రికార్డును సాక్ష్యంగా చూడవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆ వ్యాజ్యానికే తప్ప, మూడో మనిషి హత్య కేసుకు వర్తించే మాట కాదు.

మృతుల పట్ల

నిజమైన కేసు నుంచి ప్రేరణ పొందినవారు ఊరు, వృత్తి, చుట్టరికం అన్నీ మార్చాలి. విచారణ ముగియని కేసులో నిందితుణ్ణి దోషిగా చూపే రాత రాయకూడదు. అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం నేరం కూడా. చట్టం మాట అటుంచితే, స్త్రీ శవాన్ని వర్ణించడంలో సంబరం కనబడే పేరాలు మన నవలల్లో ఎన్నో చదివాను. వాటిని రాయకపోవడం వల్ల ఏ నవలా బలహీనపడలేదు. ప్రతి మృతుడికీ చనిపోయిన తీరు కాకుండా బతికిన తీరు గురించి ఒక వివరం ఇవ్వండి. అప్పు పుస్తకంలో సగం రాసి ఆపిన లెక్క, ఇంకా రెండు వాయిదాలు మిగిలిన బండి, కూతురు పుట్టినరోజుకు చెప్పి ఉంచిన కేకు.

దిద్దుకోవడం, ముగించడం

రాతప్రతి పూర్తయ్యాక రెండు వారాలు ముట్టకండి. తరువాత ఇంటి అధ్యాయాలను మాత్రమే విడిగా తీసి, వరుసగా పైకి చదవండి. ప్రతి అధ్యాయం చివర ఆగి, ఇక్కడ జరిగిన ఏ సంగతి వల్ల దర్యాప్తు ముందుకో వెనక్కో కదిలిందో అంచులో పెన్సిలుతో రాయండి. రాయడానికి ఏమీ దొరకని అధ్యాయాన్ని తీసేయండి, లేదా దానిలోకి ఒక ఆధారాన్ని దింపండి. దర్యాప్తు అధ్యాయాలకూ అదే పని చేయండి, ఈసారి ఇంట్లో ఏం మారిందో రాస్తూ. నా రెండో రాతప్రతిలో ఇలా చేస్తే పదకొండు అధ్యాయాలు పోయాయి, మూడు కొత్తవి వచ్చాయి.

ముగింపులో హంతకుడు దొరికాడు కాబట్టి దంపతులు కలిసిపోయినట్టు రాయవద్దు. దొరకడం ఒకరి వృత్తి విజయం, కలవడం ఇద్దరి నిర్ణయం. రాజశేఖర్ ఛార్జిషీటు వేసిన సాయంత్రం, సాక్షుల జాబితాలో పంచాయతీ కార్యదర్శి పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి రాయవలసి వచ్చి, ఆమె వయసు దగ్గర చేయి ఆగి, ఫోను చేసి అడుగుతాడు. ఆమె చెబుతుంది. ఇంకేమైనా అడుగుతాడేమోనని కొంచెంసేపు ఫోను పట్టుకునే ఉంటుంది. అక్కడ ఆపవచ్చు.